కలుపుకు వంటింటి వైద్యం

పెరట్లో నాలుగు వంగమొక్కలు, రెండు సాళ్లు బెండ వేసుకున్న గృహస్థుకు వాటికంటె ముందుగా కంటబడేది కలుపు. నీరు పోసేది బెండకు, ఎరువు వేసేది వంగకు. ఏపుగా లేచేది మాత్రం తుంగ, గరిక. తీయించుదామంటే కూలిమనిషి దొరకదు. అంగడిలో అమ్మే రసాయనిక మందంటే భయం. ఇటువంటప్పుడు తెలిసినవారెవరో ఒక చిట్కా చెపుతారు: వెనిగర్‌లో ఉప్పు కలిపి, కొంచెం సబ్బునీరు చేర్చి, మంచి ఎండవేళ చల్లితే సాయంత్రానికల్లా కలుపు మాడిపోతుందనీ, ఇందులో ఉన్నవన్నీ వంటింటి వస్తువులే కనుక ఏ ప్రమాదమూ లేదనీ. అమెరికాలోని తోటపని పుస్తకాలలో, పత్రికలలో ఎంతోకాలంగా తిరుగుతున్న ఈ యోగం ఇప్పుడు తెలుగు ఇళ్ల మేడమీది కుండీల దాకా వచ్చింది.

ఈ చిట్కాలో చెప్పే సంగతి అబద్ధం కాదు. చల్లిన పూట సాయంత్రానికి ఆకు మాడిపోవడం నిజమే. అయితే మాడిన ఆకు చచ్చిన మొక్కకు గుర్తు కాదు. తోటలో కలుపు నిలిచి ఉండేది ఆకులో కాదు, మట్టిలో. ఈ ఒక్క సంగతిని పట్టించుకోకపోవడం వల్లనే ఇంటి చిట్కాలలో చాలా భాగం పైకి గొప్పగా కనిపించి, లోపల వట్టిపోతున్నవి. వాటిలో ఒకటి మాత్రం వట్టిపోవడంతో ఆగక, నేలకే ముప్పు తెస్తున్నది.

జనం ఈ చిట్కాలవైపు మొగ్గడానికి కారణం లేకపోలేదు. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న గ్లైఫోసేట్ అనే కలుపుమందు మనుష్యులకు కాన్సరు కలిగించే అవకాశం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధక సంస్థ 2015లో ప్రకటించింది. అమెరికా పర్యావరణ సంస్థ ఆ అభిప్రాయంతో ఏకీభవించలేదు. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ఒక ప్రకటన చేసి, ఆ మందును శిక్షణ పొందిన చీడ నివారణ సిబ్బందే చల్లాలని నియమం పెట్టింది. పండితులు ఇంకా వాదించుకుంటున్న మందును పిల్లలు ఆడుకునే పెరట్లో చల్లడానికి తల్లిదండ్రులు వెనుకాడడం న్యాయమే. వారి భయాన్ని ఎగతాళి చేసే విద్యావంతులు కొందరున్నారు. వారు చేసేది విమర్శ కాదు.

కాని భయంనుంచి 'సహజం' అనే మాటకు దూకడంలో ఒక మెట్టు తప్పిపోతున్నది. మన దేశంలో చవుకగా దొరికే తెల్ల వెనిగర్ సీసామీది చీటీ చదివితే చాలు, ఆ సంగతి తెలుస్తుంది. చెరకురసమో పండ్లరసమో పులిసి తయారైనది వేరు, గాఢమైన ఎసిటిక్ ఆమ్లాన్ని నీటితో పలచబరచి తయారు చేసినది వేరు. రెండవదానిమీద 'సింథటిక్' అని అచ్చువేయాలని చట్టం చెపుతున్నది. ఆ ఆమ్లంలో అధికభాగం ప్రపంచంలోని కర్మాగారాలలో మిథైల్ ఆల్కహాలును కార్బన్ మోనాక్సైడుతో కలిపి తయారుచేస్తారు. అది చెడ్డదని కాదు. పులిసిన ఆమ్లానికీ కర్మాగారపు ఆమ్లానికీ అణువులో భేదం లేదు. ఆ భేదమే లేనప్పుడు, సహజమన్న పేరు చూసి ధైర్యపడడంలోనూ అర్థం లేదు.

విషప్రభావాన్ని కొలిచే పద్ధతి ఒకటి ఉన్నది. ఎలుకలకు నోటిద్వారా ఇచ్చినప్పుడు వాటిలో సగం చనిపోయే మోతాదును లెక్కిస్తారు. మోతాదు ఎంత తక్కువైతే విషం అంత తీవ్రం. శరీరపు బరువు కిలో ఒక్కింటికి ఉప్పుకు ఇది సుమారు 3 గ్రాములు, ఎసిటిక్ ఆమ్లానికి సుమారు 3.3 గ్రాములు, గ్లైఫోసేటుకు 5 గ్రాముల దాకా పోతుంది. ఇది అప్పటికప్పుడు కలిగే ప్రభావానికి కొలతే గాని, ఏళ్లతరబడి మెల్లగా కలిగే హానికి కాదు. కనుక గ్లైఫోసేటుకు దీనిని యోగ్యతాపత్రంగా చూపడం తగదు. వంటింట్లోది కనుక నిరపాయం అనే వాదానికి మాత్రం ఇది తగిన సమాధానం.

ఇక వెనిగర్ పనితనం సంగతి. ఆకుమీద సన్నని మైనపు పొర ఉంటుంది. సబ్బునీరు ఆ పొరమీద ద్రవం బొట్లుగా జారిపోకుండా పరచుకునేటట్లు చేస్తుంది. కుంకుడు రసమూ ఆ పని చేయగలదు. చిట్కాలోని మూడు వస్తువులలో వంకపెట్టడానికి వీలులేనిది ఇదే. ఆమ్లం ఆకులోకి దిగి కణపొరలను చీల్చుతుంది. కణాలలోని నీరు బయటికి వచ్చి, ఎండకు ఆకు గంటలలో వడలుతుంది. తాకిన చోటనే పనిచేస్తుంది గాని, ఆకునుంచి వేరుకు ప్రయాణం చేయదు. నేలమీద పడిన కొద్దిపాటి ఆమ్లాన్ని సూక్ష్మజీవులు త్వరలోనే తినివేస్తాయి. ఇది మంచి గుణమే. అయితే అందువల్లనే మరునాడు మొలిచే విత్తనానికి దానివల్ల ఏ అడ్డూ ఉండదు.

వెనిగర్‌ను అందరూ ఊరికే పొగడలేదు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో దీనిని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. 5 శాతం, 10 శాతం ఆమ్లంగల వెనిగర్ మొలిచి రెండు వారాలు దాటని కలుపుమొక్కలను చంపింది. ముదిరిన మొక్కలకు ఇంకా గాఢమైనది కావలసివచ్చింది. 20 శాతం ద్రావణం అన్ని వయస్సుల మొక్కలలోనూ 85 నుంచి 100 శాతం దాకా చంపింది. కెనడా తిస్సిల్ అనే మొండి ముళ్లమొక్కపై 5 శాతం ద్రావణమే పూర్తిగా పనిచేసింది. అయితే అక్కడ చచ్చినది నేలపైన కనిపించే భాగం అని పరిశోధకులు స్పష్టంగానే చెప్పారు.

చిట్కాలు చెప్పేవారు ఈ పరిశోధననే సాక్ష్యంగా చూపుతారు. చూపేటప్పుడు మూడు ముక్కలు జారవిడుస్తారు. రెండు వారాల వయస్సు అన్నది మొదటిది. నేలపై భాగం అన్నది రెండవది. మూడవది గాఢత: మన అంగళ్లలోని వెనిగర్‌లో ఆమ్లం 4 శాతానికి అటూఇటూ ఉంటుంది, చట్టం కోరే కనీసం 3.75 శాతమే. పరీక్షలో కొసమెరుగుగా నిలిచిన 20 శాతం ద్రావణం వంటింటి వస్తువు కానే కాదు. దానికోసం రసాయనాల దుకాణంలో గాఢామ్లం కొని ఇంట్లో పలచబరచేవారున్నారు. 11 శాతం దాటిన ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, కంట పడితే చూపునే దెబ్బతీయగలదు. అద్దాలు, తొడుగులు లేకుండా, చిల్లు పెట్టిన పాత నీళ్ల సీసాతో దానిని చల్లేవారు రసాయనాలకు భయపడే ఈ మార్గానికి వచ్చారన్నది విచారించదగిన విషయం.

రెండు వారాల సంగతి ఇంకా ముఖ్యమైనది. ఆ వయస్సులో మొలకకు రెండు మూడు ఆకులుంటాయి, వేరులో నిలవ ఏమీ ఉండదు. ఆకు పోతే ప్రాణం పోతుంది. కాని ఆ వయస్సు మొలకను చంపడానికి వెనిగర్ అవసరమా? పారతో మట్టిని పైపైన గీకి ఎండకు వదిలితే అదే ఫలితం. ముదిరిన తర్వాత కథ వేరు. తోటకూర వంటి వెడల్పాకు మొక్కలలో పెరిగే మొగ్గ కొనలో, ఎండకూ మందుకూ ఎదురుగా ఉంటుంది. గడ్డిజాతులలో అది మొదట్లో, నేలమట్టానికి దగ్గరగా, ఆకుతొడుగుల చాటున దాగి ఉంటుంది. పశువులు మేసినా గడ్డి మళ్లీ లేచేది అందుకే. ఆవు కొరికి తీసిన ఆకుకూ వెనిగర్ మాడ్చిన ఆకుకూ గరిక దృష్టిలో తేడా లేదు.

తుంగ సంగతి చెప్పనే అక్కరలేదు. కలుపు మొక్కలమీద 1977లో వెలువడిన హోమ్ ప్రభృతుల ప్రసిద్ధ గ్రంథం ప్రపంచంలోని చెడ్డ కలుపులలో మొదటి స్థానం తుంగకు, రెండవ స్థానం గరికకు ఇచ్చింది. ఒకటి తుంగముస్తలుగా ఆయుర్వేద వైద్యుల పెట్టెలో, ఒకటి వినాయకుని పత్రిలో గౌరవం పొందుతున్నా, తోటలో మాత్రం రెండూ రెండే. తుంగమొక్క మట్టిలో సన్నని తీగవంటి కాడలను పంపి, వాటి వెంట గొలుసు పూసలవలె దుంపలు కడుతుంది. ఒక్కొక్క దుంపకు అనేక మొగ్గలు. గొలుసు చెడకుండా ఉన్నంతసేపు పెరుగుతున్న కొన తక్కిన మొగ్గలను అణచి ఉంచుతుంది. కొన నశించినా, గొలుసు తెగినా, నిద్రపోతున్న మొగ్గలు లేస్తాయి. కనుక వెనిగర్ చల్లి తుంగ ఆకును మాడ్చినవారు దానికి కొంత ఆహారనష్టం కలిగించినమాట వాస్తవమే. పది రోజులలో దుంప కొత్త ఆకును పైకి పంపుతుంది. అలా వదలకుండా మాడ్చుతూ పోతే దుంపలోని పిండిపదార్థం ఎప్పటికో కరిగిపోవచ్చు. అంతటి పట్టుదల ఉన్నవారు వెనిగర్ కొనకుండా చేత్తో పీకినా అదే ఫలితం పొందుతారు.

దీన్ని గుర్తించిన కొందరు చిట్కాలో ఉప్పు పాలు పెంచుతారు. అసలు ప్రమాదం ఇక్కడ ఉన్నది. ఉప్పు నిజంగానే పనిచేస్తుంది. చుట్టూ ఉప్పుద్రావణం చిక్కగా ఉంటే ద్రవాభిసరణం తలకిందులై వేరు నీటిని లాగలేకపోతుంది. అయితే వెనిగర్ వలె ఉప్పును సూక్ష్మజీవులు తినవు, ఎండ ఆవిరి చేయదు. పోసిన ఉప్పు నీటితో కిందికి దిగిపోవాలి, లేదా అక్కడే ఉండాలి. అది కలుపునూ వంగనూ విడదీసి చూడదు.

లెక్క వేసి చూడవచ్చు. అమెరికా చిట్కాలో గ్యాలనుకు ఒక కప్పు ఉప్పు, అంటే లీటరుకు సుమారు 75 గ్రాములు. సముద్రపునీటిలో లీటరుకు 35 గ్రాములే ఉంటుంది. చల్లే ద్రావణం సముద్రంకంటె రెట్టింపు ఉప్పన. పన్నెండు కిలోల మట్టి పట్టే కుండీలో ఒక 100 మిల్లీలీటర్లు పడిందనుకుంటే 7.5 గ్రాముల ఉప్పు చేరినట్లే. నేలలోని ఉప్పును దాని తడి ఎంత విద్యుత్తును ప్రసరింపజేస్తుందో చూసి కొలుస్తారు. ఆ కొలతకు డెసీసీమెన్సు అని పేరు. మామూలు తోటమట్టిలో ఈ 7.5 గ్రాములు మీటరుకు రెండున్నర డెసీసీమెన్సుల పైచిలుకు చూపుతాయి. పైరులు ఎంతవరకు తట్టుకుంటాయో మాస్, హాఫ్‌మన్ అనే అమెరికను శాస్త్రజ్ఞులు 1977లో పట్టిక వేశారు. అందులో చిక్కుడుజాతి బీన్సుకు హద్దు 1.0, ఉల్లికి 1.2, టొమాటోకు 2.5. అంటే ఒక్కసారి చల్లడంతోనే ఈ మూడింటి దిగుబడీ తగ్గే స్థితికి కుండీ వస్తుంది. కుండీ అడుగున చిల్లు సరిగా ఉండి, బాగా నీరు పోస్తే ఉప్పు కొంత కడుక్కుపోతుంది. చల్లేవారు ఆ పని చేయరు, నెలకొకసారి మళ్లీ చల్లుతారు.

నేలమీద ఇంకొక చిక్కు కలుగుతుంది. ఉప్పులోని సోడియం బంకమట్టి రేణువులను పట్టుకొని, అవి గుంపులు గుంపులుగా ఉండనీయకుండా విడదీస్తుంది. విడిపోయిన మెత్తని రేణువులు మట్టిలోని సందులను పూడ్చుతాయి. తడిసినప్పుడు నేల బురదై నీరు దిగదు, ఆరినప్పుడు బండవలె గట్టిపడుతుంది. తెలుగు రైతుకు ఈ నేల కొత్త కాదు. దాన్నే అతడు చౌడు అంటాడు. కాలువ కింద సాగులో మురుగు సరిగా పోక చౌడెత్తిన పొలాలను జిప్సమ్ వేసి, నీరు నిలిపి, కడిగి, బాగుచేసుకోవడానికి రైతులు పడే పాట్లు పల్లెలో పుట్టినవారందరికీ తెలుసు. అటువంటిదాన్ని నల్లరేగడి పెరట్లో కొనితెచ్చుకోవడం, అది కూడా నేలను కాపాడుకునే 'సహజ' మార్గమనే పేరుతో, ఎంత విడ్డూరం!

ఉప్పును సమర్థించేవారు ఒక మాట అంటారు: వయ్యారిభామను చంపడానికి శాస్త్రజ్ఞులే ఉప్పునీరు చల్లమన్నారు గదా అని. చెప్పినమాట నిజం. మన దేశంలో 1955లో పుణే దగ్గర మొదట గుర్తింపబడి, దేశమంతా అల్లుకున్న ఈ పార్థీనియం మొక్క ఒక్కొక్కటి 15 వేలనుంచి 25 వేలదాకా విత్తనాలు రాల్చుతుంది. తాకితే చర్మరోగం, పుప్పొడి పీల్చితే ఉబ్బసం కలిగిస్తుంది. దానిమీద 15 నుంచి 20 శాతం ఉప్పుద్రావణం చల్లే సలహా ఉన్నది. అయితే అది రోడ్ల పక్కన, రైలుకట్టల వెంట, పంట పండించని బంజరులలో వాడడానికి ఇచ్చిన సలహా. బంజరులో చెల్లే మందును బచ్చలిమడికి ఎత్తితెచ్చినది చిట్కాల కర్తలే గాని, ఆ శాస్త్రజ్ఞులు కారు.

మరుగునీటి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. వేడికి కణాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి ఆకు ఉడికిపోతుంది. గచ్చు పగుళ్లలో, మెట్ల సందులలో మొలిచినవాటికి ఇది మంచి పద్ధతి. నేలకు చేసే హాని కూడా ఏమంత లేదు. మడిలో మాత్రం పక్కన ఉన్న మొక్క వేళ్లూ, వానపాములూ ఉడుకుతాయి; తుంగదుంప ఉన్న లోతుకు చేరేసరికి నీటి వేడి చల్లారుతుంది. వంటసోడా ఉప్పుకు తమ్ముడు. అందులోనూ ఉన్నది సోడియమే.

ఇన్ని చెప్పినంత మాత్రాన ప్రకృతిలో కలుపును అణచే పదార్థాలు లేవని కాదు. అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో నిక్ క్రిస్టియన్స్ అనే ఆచార్యుడు 1980 దశకంలో పచ్చికమీది బూజుతెగులును పరిశోధిస్తూ, మొక్కజొన్ననుంచి గంజిపిండి తీయగా మిగిలిన గ్లూటెన్ పొడి మొలకలకు వేరు పుట్టనీయడం లేదని గమనించాడు. 1991లో దానికి పేటెంటు వచ్చింది. తోట చిట్కాలలో పరిశోధన నుంచి పుట్టినది ఇదొక్కటే అన్నా తప్పులేదు. అయితే దాన్ని విత్తనం మొలవకముందే చల్లాలి, మొలిచే తరుణంలో నేల కొంచెం ఆరాలి. అందులో నూటికి పది పాళ్లు నత్రజని ఉన్నది కనుక, అప్పటికే వేళ్లూనిన కలుపుకు అది ఎరువుగా పనిచేస్తుంది. ఒరెగాన్‌లో చేసిన పరీక్షలలో అది కలుపును ఆపలేదు. పుట్టినచోట ఉన్న గౌరవం వేరొక వాతావరణంలో దక్కకపోవడం మందులకు మామూలే.

ఇంకొక ఉదాహరణ మరీ ఆసక్తికరం. ఎర్రని కుచ్చులవంటి పూలతో మన ఊళ్లలోని పార్కులలోనూ కనిపించే బాటిల్‌బ్రష్ చెట్టు కింద కలుపు తక్కువగా ఉండడం 1977లో కాలిఫోర్నియాలో ఒక కంపెనీ శాస్త్రజ్ఞుని కంటబడింది. అక్కడి మట్టిని పరీక్షించగా లెప్టోస్పెర్మోన్ అనే పదార్థం దొరికింది. అది మొలకలను తెల్లగా పాలిపోజేసి చంపుతుంది. కాని మందుగా వాడాలంటే చాల మోతాదు కావలసివచ్చింది. దాని అణువును పట్టుకొని మార్చి మార్చి, చివరికి మీసోట్రయోన్ అనే కలుపుమందును 2001లో బజారుకు తెచ్చారు. ఇప్పుడు మొక్కజొన్న చేలలో వాడే ఆ మందు సహజమా, కృత్రిమమా? చెట్టుకింద మొదలై కర్మాగారంలో ముగిసిన దానికి ఆ రెండు పెట్టెలలో ఏదీ చాలదు.

చిట్కాల పుస్తకాలలో పెద్ద లోపం మరొకటి ఉన్నది. అవి సీసాలో పోయదగినవాటినే మందులుగా చూస్తాయి. మట్టిలో విత్తనాల నిలవ ఎన్ని ఏళ్లదో తలచుకుంటే సీసామీద ఆశ తగ్గుతుంది. అమెరికాలో మిచిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో కలుపు విత్తనాలను సీసాలలో పెట్టి పాతిపెట్టాడు. వాటిలో ఒక సీసాను 2021లో తవ్వితీసి తడిపితే కొన్ని విత్తనాలు మొలిచాయి. తవ్విన ప్రతిసారీ ఇటువంటి పాత విత్తనం ఎంతో కొంత పైకి వస్తుంది. పైకి రాగానే మొలవడానికి చాలా జాతులకు వెలుతురు కావాలి. వెనిగర్‌ను పరీక్షించిన ఆ బెల్ట్స్‌విల్‌లోనే అంతకు 50 ఏళ్ల ముందు, 1952లో, బోర్త్‌విక్, హెండ్రిక్స్, వారి సహచరులు ఎర్రని వెలుతురు పడితే లెట్యూస్ విత్తనం మొలుస్తుందనీ, వెంటనే దూరపు ఎరుపు వెలుతురు పడితే ఆ ఆజ్ఞ రద్దవుతుందనీ కనుగొన్నారు. మొక్క వెలుతురును గుర్తుపట్టే సాధనం ఫైటోక్రోము సంగతి అలా బయటపడింది. మొక్కల మొదళ్లలో నాలుగు వేళ్ల మందాన గడ్డి, ఎండుటాకు, వరిపొట్టు కప్పడం ఎందుకు పనిచేస్తుందో ఈ ప్రయోగం చెపుతున్నది. వెలుతురు అందని విత్తనం మేలుకోదు, మేలుకున్నా పైకి రాలేదు. దీనికి చుక్క ఆమ్లం అక్కరలేదు. ఒక్క తుంగ మాత్రం సూదివంటి మొనతో ప్లాస్టిక్ రేకునైనా పొడుచుకొని వస్తుంది.

విత్తే ముందు మడిని సిద్ధంచేసి, తడిపి, వారం పదిరోజులు ఆగి, మొలిచిన కలుపును పైపైన గీకివేసి, అప్పుడు లోతుగా కదపకుండా విత్తుకోవడం ఇంకొక మార్గం. వెనిగర్ మీద మక్కువ తీరనివారు దానిని వాడదగిన అదను కూడా ఇదే. మొలక వయస్సు రెండు వారాలు దాటదు, పక్కన పాడయ్యే పైరూ ఉండదు.

ఎండ మాట చెప్పుకోవాలి. ఇజ్రాయెల్‌లో కటాన్, ఆయన సహచరులు 1976లో తడిమట్టిమీద పలచని తెల్ల ప్లాస్టిక్ రేకు పరచి ఎండకు వదిలి, మట్టిలోని తెగులు శిలీంధ్రాలను చంపవచ్చునని చూపారు. కలుపు విత్తనాలూ చాలావరకు చస్తాయి. రేకు నల్లనిది కాక వెలుతురు దూరేదిగా ఉండాలి. అంచులు మట్టిలో పూడ్చాలి. నాలుగునుంచి ఆరు వారాలు కదపకూడదు. పైపొరలో వేడి 45 మొదలు 55 డిగ్రీల సెంటీగ్రేడు దాకా ఎక్కుతుంది. రెంటచింతల, రామగుండం ఎండలు ఉన్న ప్రాంతంవారు దీనికి ఎవరినీ యాచించనక్కరలేదు. ఏప్రిల్, మే నెలలలో ఎలాగూ ఖాళీగా ఉండే మడికి నష్టమూ లేదు. తుంగదుంపను మాత్రం ఈ తడివేడి పూర్తిగా చంపదు. దానికి కావలసింది పొడి ఎండ. దుంపలలో ఎక్కువ భాగం జానెడు లోతులోపలే ఉంటాయి. వేసవి దుక్కిలో, లేదా పెరట్లో పలుగుతో, వాటిని పైకి తిరగవేసి గొలుసులు తెంచి, నీరు పెట్టకుండా ఎండబెడితే దుంప తేమ కోల్పోయి చస్తుంది. ఒక వాన పడితే తిరిగి బతుకుతుంది కనుక తవ్వినవాటిని ఏరివేయడం మంచిది.

కలుపు అనిపించుకునేవాటిలో గంగవాయిలిని తవ్వి పారవేయకుండా పప్పులో వేసుకునే ఇళ్లు ఇంకా ఉన్నవి. దానిమీద ఉప్పు, పులుపు చల్లే స్థలం తోటకంటె వంటింట్లోనే ఉన్నది. చిట్కాను పరీక్షించదలచినవారు మాత్రం మడిలో ఒక మూల మందు చల్లకుండా వదిలి, ఇంకొక మూల చేత్తో పీకి, మూడవ మూల మందు చల్లి, సాయంత్రం కాక నెల తర్వాత మూడింటిలోనూ మొక్కలు లెక్కపెట్టాలి. ఉప్పు కలిపినట్లయితే, తర్వాతి పంటలో ఆ మూలన వేసిన ఉల్లినారును కూడా చూడాలి.